కొంగు మీద కొంగు

తాగి కాలువలో పడిన మొగుడి గురించి చెప్పమంటే మా వీధిలో ప్రతి ఆడదానికీ ఒక కథ ఉంటుంది. పడినవాడు పొద్దున్నే లేస్తాడు, నెత్తిన నీళ్ళు పోసుకుంటాడు, రెండు రోజులు తలెత్తకుండా తిరుగుతాడు, మళ్ళీ పడతాడు. అది నాకూ తెలిసిన కథే. కానీ మా ఆయన ఓబులేసుకు జరిగింది వేరు. ఆయన లేచాడు, నడిచాడు, మగ్గంలో కూర్చుని చీర నేశాడు. చూసినవాళ్ళందరూ బాగుపడ్డాడన్నారు. నేనూ అదే అనుకున్నాను. అప్పటికే ఆయన తలలో ఏదో ఆరిపోయిందని మాకు తెలియదు. తెలిసేసరికి శానా ఆలస్యమైంది.

పెళ్ళికి ముందు మా పుట్టినూళ్ళో పాదిరీల బడిలో ఐదో తరగతి దాకా చదివాను. ఆ నాలుగు అక్షరాలతోనే ఇది రాస్తున్నాను. మొన్న పక్కవీధి చిన్నది ఒకతె వచ్చి, "అక్కా, మా ఆయన తాగినా తాగకపోయినా ఈ మధ్య ఏందేందో జరగనివి జరిగినట్ల చెప్తాండాడు, నవ్వొస్తాండాది" అంది. నాకు నవ్వు రాలేదు. ఆ పిల్ల కోసమని మొదలుపెట్టాను గానీ, రాస్తుంటే నా గుండె కూడా కాస్త కుదుటపడుతున్నట్టుంది.

తాగుడు బందైన ఏడు

మా ఊరు కడప జిల్లా కొసన ఉంది. ఊరి బయట ఇసుక వాగు, వాగు దాటితే కర్నూలు జిల్లా. దొరల యుద్ధం మొదలవడానికి ముందటేడు సర్కారువారు మా జిల్లాలో సారాయి అంగళ్ళన్నీ మూయించారు. వాగుకు అవతల మూయించలేదు. మూసేసిన అంగడి ముందు మేం ఆడవాళ్ళం టెంకాయ కొట్టాం. ఇంక మా బతుకులు బాగుపడ్డట్టేనని పసుపూ కుంకుమా కూడా పంచుకున్నాం.

మా ఆయన అప్పటికి పొద్దున్నే ఒక గుక్క పడితే గానీ మగ్గంలో పోగు విసిరే నాడె పట్టేవాడు కాడు. చెయ్యి వణికితే పోగు తెగుతుందని ఆయన సాకు. మొదట్లో అది సాకే, తర్వాత నిజమైపోయింది. అంగడి మూసిన రెండో రోజుకు ఒళ్ళంతా చెమటలు. మూడో రోజు మగ్గంలో కూర్చుని పడుగును రెండు చేతులతో కొట్టడం మొదలుపెట్టాడు.

"చీమలు! పోగుపోగుకూ చీమలు పాకుతాండాయి, కనపల్లేదా మీకు?" అని అరిచాడు.

మా అత్త ఎల్లమ్మ నిమ్మకాయ దిష్టి తీసింది, మెడకు తాయెత్తు కట్టింది. దేనికీ తగ్గలేదు. ఆఖరికి కొడుకు గోడకు తల కొట్టుకుంటుంటే చూడలేక నా మీద విరుచుకుపడింది.

"టెంకాయలు కొట్టినారు గదమ్మే, ఇప్పుడు జూడు! నా కొడుకును సంపుకుంటాండారు మీరందరూ కల్సి," అని చెంబు తీసుకుని, అరవై ఏళ్ళ మనిషి, ఎండలో వాగు దాటిపోయింది. కొంగు కింద పెట్టుకుని సారాయి తెచ్చి కొడుకు నోట్లో పోసింది. కాసేపటికి వణుకు ఆగింది. చీమలు పోయాయి. ఆయన లేచి మగ్గంలో కూర్చుని, ఏమీ జరగనట్టు నేయడం మొదలుపెట్టాడు.

ఆ రోజు మా అత్తను తిట్టుకున్నాను. ఇప్పుడు తిట్టుకోను. బిడ్డ కళ్ళముందు కొట్టుకుంటుంటే ఏ తల్లి ఊరుకుంటుంది? కానీ ఆ దారి ఆమెతోనే మొదలైంది. మర్నాటి నుంచి ఆయనే మధ్యాహ్నం మగ్గం దిగి వాగు దాటి పోవడం, సందెకు రావడం. నిషేధం వాగుకు ఇవతల, మా ఆయన అవతల.

మాఘమాసం

తిండి తగ్గిపోయింది. నాలుగు ముద్దలు సంగటి తినేవాడు రెండు తిని చెయ్యి కడిగేవాడు. తర్వాత అదీ లేదు. అడిగితే "కడుపు నిండే ఉండాది లేమ్మే" అనేవాడు. సారాయితోనే నిండేదన్నమాట. అరికాళ్ళు మండుతున్నాయని నడి ఇంట్లో నీళ్ళు పోసుకుని వాటి మీద నిలబడేవాడు. తాగని పూట కూడా తూలేవాడు. వీధిలో పిల్లలు వెంటపడి ఆయన నడకను అనుకరించేవాళ్ళు. ఒకరోజు వాళ్ళమీదికి చీపురు తీసుకుని పోయాను.

ఆ మాఘంలోనే నాకు నెల తప్పింది. ఎన్నో ఏళ్ళు మొక్కుకున్నాక నిలిచిన కడుపు. చెప్తే ఆయన ఆ రోజు వాగు దాటలేదు. గుమ్మంలో కూర్చుని అందరికీ బెల్లం పంచాడు. నా కడుపు మీద చెయ్యి పెట్టి, "కాన్పు అయినంక ముట్టను. ఒట్టు" అన్నాడు. మనసులోంచే అన్నాడు. ఆ మాట ఆయనకు ఇప్పటికీ గుర్తుంది. మా దరిద్రమంతా అందులోనే ఉంది.

ఎండాకాలం

ఒక పొద్దున లేపితే లేవలేదు. కళ్ళు తెరిచాడు గానీ ఆ కళ్ళు ఒకచోట నిలవడం లేదు, పక్కలకు కొట్టుకుంటున్నాయి. నిలబెడితే కాళ్ళు మడతపడిపోయాయి. ఎద్దులబండి మీద రోడ్డు దాకా, అక్కణ్ణుంచి బస్సులో కడపకు తీసుకుపోయాం. బస్సులో ఆయన తల నా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. కడుపులో బిడ్డ కదులుతోంది. పైన తండ్రి తల కదలడం లేదు. నేను అంతలా భయపడిన రోజు అంతకుముందు లేదు.

ఆసుపత్రి వసారాలో గోడకు చేరబడి కూర్చున్నవాళ్ళు శానా మంది. ఎవరి రోగం వాళ్ళ మొహంలో ఉంది. పిలుపు కోసం చూసి చూసి మా అత్త అక్కడే కునికింది. నా పక్కన రాయచోటి ఆమె ఒకతె మొగుణ్ణి పాము కరిస్తే తెచ్చింది. నా కడుపు చూసి, తన సద్దిమూటలోని సగం నాకు పెట్టింది. "తినమ్మా. లోపలున్నదానికి మన కష్టాల్తో పనేముండాది" అంది. ఆమె మొగుడు ఆ సాయంత్రమే పోయాడు. ఆమె పేరు కూడా అడగలేదు నేను.

డాక్టరుగారు ముసలాయన, కోస్తా మనిషి. మా ఆయన తాగుడు గురించి కాదు, తిండి గురించి అడిగాడు. ఎన్నాళ్ళుగా తినడం లేదు, ఏం తింటున్నాడు అని. సూదులు వేశారు. వడ్ల తవుడు జల్లించి కలిపి పెట్టమన్నాడు, పెసలు మొలకెత్తించి పెట్టమన్నాడు. మా అత్తకు రోషం వచ్చింది.

"నా కొడుకేమన్నా ఎద్దా సామీ, తవుడు పెట్టేదానికి?"

"ఎద్దుకైతే మీరు వేళకు పెట్టేవారే కదమ్మా," అన్నాడాయన.

నాలుగైదు రోజులకు చూపు నిలిచింది. వారం తిరిగేసరికి గోడ పట్టుకుని నడిచాడు. నేను వసారాలో దేవుడికి దండం పెట్టుకున్నాను. అప్పుడు డాక్టరుగారు మంచం దగ్గర నిలబడి, "నేనెవరో చెప్పు ఓబులేసూ" అన్నాడు.

"తెలీకేం సామీ. మొన్న సంతలో మీరు తెల్ల కోడెల్ని కొంటిరి గదా. నేనే పండ్లు పట్టి జూసి చెప్తి," అన్నాడు మా ఆయన నవ్వుతూ.

నేనూ నవ్వాను. డాక్టరుగారు నవ్వలేదు. నన్ను బయటికి పిలిచి చెప్పాడు. "చూడమ్మా, మనిషి దక్కాడు. కానీ సారాయీ పస్తులూ కలిసి మెదడులో ఒక చోటును తినేశాయి. ఇవాళ జరిగింది రేపటికి నిలవకపోవచ్చు. నిలవని చోట ఏదో ఒకటి పెట్టి పూడుస్తాడు. అబద్ధమాడుతున్నానని అతనికీ తెలియదు. ఏం చెప్పినా ఇంకొకరిని అడిగి తెలుసుకో."

బుర్రూపాను. కాళ్ళు వచ్చాయి, చూపు వచ్చింది, మాట వచ్చింది, ఇంక నాకేం కావాలి? ఆ మాటలు ఆసుపత్రి గడపలోనే వదిలేసి ఇంటికొచ్చాను.

తొలకరి

ఇంటికి రాగానే తిన్నగా పోయి మగ్గంలో కూర్చున్నాడు. చెయ్యి వణకడం లేదు. చప్పుడు వినపడగానే వీధంతా వచ్చి వాకిట్లో నిలబడింది. మా అత్త ఏడ్చింది. ఆయన తాగుడు మాట ఎత్తనే లేదు. వాగు వైపు చూడనూ లేదు. తవుడు పుణ్యమా అని బుగ్గలు కూడా వచ్చాయి.

మా పనిలో మొగుడు నేస్తుంటే పెళ్ళాం నూలు కండెలు చుట్టి అందించాలి. చీర ఒడలంతా తెల్ల కండెలు, చివర కొంగుకు ఎర్రవి. నూలు షావుకారిది, నేత మాది. ఆ పడుగులో ఒకదాని వెనక ఒకటిగా చీరలు రావాలి. నేసిన గుడ్డంతా ఆయన ఒడి ముందరున్న దోనెకు చుట్టుకుపోతుంది. పడుగు అయ్యేదాకా దాన్ని ఎవరూ విప్పరు.

రెండు రోజులకే ఎర్ర కండెలు అడిగాడు. ఇంత వడిగా అయిపోయిందా చీర అని ఇచ్చాను. మర్నాడు మళ్ళీ అడిగాడు. ఆ మర్నాడు మళ్ళీ.

"ఏమయ్యా, ఇన్ని ఎర్రవి ఎందుకు?" అన్నాను.

"షావుకారి వచ్చిపోయినాడు గదా, నువ్వు నీళ్ళకు పోయింటివి. ఈ తూరి కొంగు పెద్దదిగా పెట్టమన్నాడు. పెద్దింటోళ్ళ పెళ్ళికంట. పచ్చ తలగుడ్డ కట్టినాడు. మజ్జిగ అడిగితే నేనే ఇచ్చినా."

పచ్చ తలగుడ్డ అన్నాడు. మజ్జిగ అన్నాడు. ఆ రెండూ విన్నాక నేనెందుకు అనుమానిస్తాను? కూర్చుని వేళ్ళు కాయలు కాసేలా ఎర్ర కండెలు చుట్టాను.

పడుగు అయింది. షావుకారి వచ్చాడు. దోనె మీది గుడ్డ విప్పి వాకిట్లో పరిచాం. మూరెడు తెల్లది, దాని వెనక కొంగు. మళ్ళీ మూరెడు తెల్లది, మళ్ళీ కొంగు. వాకిలి దాటి వీధిలోకి వచ్చినా అదే. కొంగు దోనెకు చుట్టుకుని కనపడకుండా పోతే చాలు, ఇంకా వేయలేదనుకుని మళ్ళీ మొదలుపెట్టాడన్నమాట. ఒక్కొక్క కొంగు చూస్తే అద్దినట్టుంది, ఒక్క పోగు తప్పలేదు. కానీ అంత పొడుగు గుడ్డలో ఒంటికి కట్టుకోవడానికి ఒక్క చీర లేదు.

"నేను మీ ఇంటికొచ్చి నెలలాయె, ఎప్పుడు చెప్పినా కొంగు పెద్దది పెట్టమని?" అన్నాడు షావుకారి. ఆయన తలకు గుడ్డ కూడా లేదు.

మా ఆయన ఆ గుడ్డను అటు చూసి ఇటు చూసి, "ఎవురప్పా ఇట్ల నేసినోడు? తాగి నేసినట్ల ఉండాడే," అన్నాడు.

డాక్టరుగారి మాటలు అప్పుడు గుర్తొచ్చాయి నాకు.

కాన్పు

ఆశ్వయుజంలో ఆడపిల్ల పుట్టింది. చెన్నమ్మ అని పేరు పెట్టుకున్నాం. పురిటి గదిలోంచి తెచ్చి ఆయన చేతిలో పెడితే ఏడ్చాడు, ముద్దు పెట్టుకున్నాడు. అంతటి సంతోషం ఆయన మొహంలో నేనెప్పుడూ చూడలేదు. సాయంత్రం నా దగ్గరికి వచ్చి, "కాన్పు ఎప్పుడంటాంది మంత్రసాని?" అన్నాడు. బిడ్డ నా పక్కలోనే ఉంది. "ఈ పాప ఎవురిది?" అన్నాడు.

ఆయన లెక్కలో నేనింకా కడుపుతోనే ఉన్నాను. ఆ మాఘం దగ్గరే ఆయన ఆగిపోయాడు. కాన్పు కానట్టే, ఆ ఒట్టు వేళా ఇంకా రానట్టే. మొదట్లో ప్రతిసారీ చెప్పేదాన్ని, ఇది నీ కూతురయ్యా అని. చెప్పిన ప్రతిసారీ, నిన్న కన్నదాన్ని ఇవాళ మరిచిపోయానా అని నెత్తి కొట్టుకుని ఏడ్చేవాడు. ఒక పూటకు ఆ ఏడుపు కూడా మరిచిపోయేవాడు. మరిచిపోలేనిది నేను. బిడ్డ నవ్వడం నేర్చింది, పాకడం నేర్చింది, అయ్యను చూస్తే చేతులు చాచడం నేర్చింది. ఆయనకు మాత్రం రోజూ కొత్త బిడ్డే. ఈ పిల్ల పెద్దదయ్యేలోపు ఒక్కసారైనా ఆ తలలో నిలుస్తుందా అన్నదే నాకు పట్టుకున్న దిగులు. ఇప్పటికీ అదే.

వాగు వచ్చిన రోజు

చెన్నమ్మకు రెండో ఏడు నడుస్తోంది. మా అత్త మంచాన పడింది. ఆమెకు గంజి తాగించి వచ్చేసరికి మగ్గం ఖాళీ. ఉయ్యాలా ఖాళీ. పాపను ఎత్తుకుని వీధిలోకి పోయి ఉంటాడులే అనుకున్నాను. పడమట మబ్బు పట్టి ఉరుముతోంది.

సందె వేళకు ఆయన ఒక్కడే వచ్చాడు. దగ్గరికి రాగానే ఆ వాసన. అన్నాళ్ళ తర్వాత అదే వాసన.

"పాప యాడ?" అన్నాను.

"ఏ పాప?"

"నువ్వు ఎత్తకపోయిన పాప! యాడికి పోయింటివి?"

"నేను యాడికీ పోలేదే. సావిడి కాడ కూసోనింటి. మీ తమ్ముడు రాముడొచ్చినాడు, సంకలో ఒక పాప ఉన్నింది. చెవులకు పోగులు. గుడికాడికి పోతాండామని పాయ," అన్నాడు. గొంతులో తడబాటు లేదు.

చెన్నమ్మ చెవులకు పోగులున్నాయి. మా తమ్ముడు అప్పుడప్పుడూ చెప్పకుండా వస్తాడు. నాకు డాక్టరుగారి మాట తెలిసి కూడా, షావుకారి తలగుడ్డ గుర్తుండి కూడా నమ్మాను. నమ్మాలనిపించింది. వీధివీధంతా గుడికి పరుగెత్తాం. గుడిలో ఎవరూ లేరు. వెనక్కి తిరిగి వస్తుంటే వాకిట్లో నిలబడ్డ ఆయన కాళ్ళు చూశాను. మోకాళ్ళ దాకా తడి, తడికి అంటిన ఇసుక.

ఊళ్ళో ఎక్కడా చుక్క వాన పడలేదు. వాగు వైపు పరుగెత్తాను. నా వెనకే, ఎందుకో తెలియకుండానే, ఆయన కూడా పరుగెత్తాడు.

పైన ఎక్కడో పడ్డ వానకు వాగు ఎర్రగా పొంగి వస్తోంది. అవతలి గట్టున హుసేన్‌బీ నిలబడి ఉంది. సారాయి అంగడి ముందు గుగ్గిళ్ళు అమ్ముకునే మనిషి. ఆమె చంకలో నా బిడ్డ.

"భయపడొద్దమ్మా!" అని నీళ్ళ చప్పుడు మీదుగా అరిచింది. "నా కాడ ఉండాది! మీ ఆయన అంగడి గోడకాడ కూసోబెట్టి, తాగి, మర్సిపోయి పాయ! నేను జూసి ఎత్తుకుంటి! నీళ్ళు తగ్గినంక తెచ్చిస్తా!"

నేను ఆ గట్టున కూలబడి ఏడ్చాను. బిడ్డ నన్ను చూసి చేతులు చాచి గుక్కపెట్టింది. మధ్యలో వాగు.

మా ఆయన నా పక్కన నిలబడి అవతలికి చూస్తున్నాడు. "ఎవురి పాపో గానీ, శానా బయపడింది పాపం," అన్నాడు.

ఆ క్షణం ఆయన్ని ఆ నీళ్ళలోకి తోసేయాలనిపించింది. దాపరికం ఎందుకు, నిజంగానే అనిపించింది. మొహం చూస్తే ఆ బిడ్డ మీది జాలితో ఆయన కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. ఏం చేసేది? చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకొచ్చాను.

పొద్దున నీళ్ళు తగ్గాక హుసేన్‌బీ పాపను చంకనెత్తుకుని వచ్చింది. తలకు నూనె పెట్టి దువ్వింది. చేతిలో గుగ్గిళ్ళ పొట్లం కూడా ఉంది. ఆ ఇంటికి ఏ పండగొచ్చినా ఇప్పటికీ మా ఇంటి నుంచి గుడ్డ పోతుంది.

అంగడికి పోయిన సంగతి ఆయన తలలో లేదు. కానీ కాళ్ళకు ఆ దారి గుర్తుంది. పాపను మరిచిపోయిన మనిషి సారాయి అంగడిని మరిచిపోలేదు. ఈ రోగంలో నన్ను ఎక్కువగా భయపెట్టింది అదే.

ఇప్పుడు

మా అత్త పోయింది. ఆ యుద్ధం నడుమ సర్కారువారు నిషేధం ఎత్తేశారు. ఇప్పుడు వాగు దాటే పని కూడా లేదు, అంగడి మా ఊళ్ళోకే వచ్చింది. మధ్యాహ్నం దాటితే ఆయన కాళ్ళు కదలడం మొదలుపెడతాయి. ఎక్కడికని అడిగితే ఆయనకే తెలియదు. అందుకే ఆ వేళకు ఎవరో ఒకరం పక్కన కూర్చుని మాటల్లో పెడతాం. అట్లా నిలిపి నిలిపి, ఇన్నేళ్ళలో మళ్ళీ ముట్టనివ్వలేదు. కొంగు అయిందో లేదో నేనే దోనె తడిమి చూసి చెప్తాను, ఆయన నేస్తాడు. చీరలు చీరల్లాగే వస్తున్నాయి. పక్కవీధి చిన్నదానికి చెప్పేది ఒక్కటే. నీ మొగుడు పడిపోతే అంత భయపడాకు. తిండి మానేసి, జరగనివి తొణక్కుండా చెప్తుంటే ఆ రోజే బండి కట్టించు.

చెన్నమ్మకు ఏడేళ్ళు వచ్చాయి. కండెలు చుడుతుంది. మధ్యాహ్నం కాపలా ఇప్పుడు ఎక్కువగా దానిదే. నేను నేర్పలేదు, ఎప్పుడు మొదలుపెట్టిందో కూడా తెలియదు. నిన్న గోడ ఇవతల నూలు ఆరబెడుతూ విన్నాను.

"ఎవురి పాపవమ్మా నువ్వు?" అన్నాడు ఆయన.

నీ కూతుర్ని అంటుందని చేతిలో నూలు పట్టుకుని నిలబడిపోయాను. అంటే ఆయన ఏడుస్తాడు. అది దానికి తెలుసు.

"పక్కింటి పాపను," అంది.

"మీ నాయన ఏం జేస్తాడు?"

"మగ్గం నేస్తాడు."

"బాగా నేస్తాడా?"

"శానా బాగా నేస్తాడు."

"తాగుతాడా?"

రాట్నం చప్పుడు ఆగి, మళ్ళీ మొదలైంది.

"ముందు తాగేటోడంట. ఇప్పుడు తాగడు."

"అట్లయితే మంచోడే. పొద్దు గూకుతాండాది, ఇంటికి పోమ్మా. మీ నాయన నీకోసం ఎదురుజూస్తాంటాడు."

"ఇంకొంచేపు ఈడ్నే ఉంటా," అంది నా బిడ్డ.